పడవాయన కథ చివర చూడ్డానికి

అరోరా

అమెరికా వెళ్ళొచ్చాననగానే మా తణుకులో అందరూ ముందు అడిగేది నయాగరా చూశావా అని. చూడలేదండీ. నయాగరాకి అనుకున్న వారం రోజులూ, దాచుకున్న డబ్బూ పెట్టి, రెండు రాత్రులు రైల్లో కూచుని కాలిఫోర్నియా వెళ్ళి, ఒక జపాను టీవీ సీరియల్లో చివరి భాగం చూసొచ్చాం. ఈ మాట మా స్కూల్లో చెబితే హెడ్మాస్టరు గారు నా వంక జాలిగా చూసి, ఎండలు బాగా ముదిరాయి కదమ్మా అన్నారు. సరే, మొదట్నించీ చెప్తాను. పిచ్చి ఎవరికో మీరే తేల్చుకోండి.

మా అమ్మకి ఆఖరి చెల్లెలు రత్నం పిన్ని. డెబ్భై ఏళ్ళకి అటూ ఇటూ ఉంటాయి. కూతురు సరళకి కానుపు సాయానికని అమెరికా వెళ్ళి అక్కడే ఉండిపోయింది. ఎనభై ఆరు వేసవిలో నేను వెళ్ళేసరికి వాళ్ళుండేది చికాగో పక్కన అరోరాలో. పిన్ని అప్పటికే నిర్ణయం చేసేసుకుంది, నాతో పాటు ఇండియా వచ్చేస్తానని. ఎవరి మీదా కోపం కాదు. "చలికి నా మోకాళ్ళు ఒప్పుకోవటం లేదే, నేనొప్పుకున్నా" అంది. అయితే వచ్చేముందు ఒక్క కోరిక. కాలిఫోర్నియాలో తొమికోని చూడాలి, ఆవిడ పక్కన కూచుని పడవాయన కథ చివర చూడాలి.

తొమికో ఎవరో, పడవాయన ఎవరో నాకు తెలియదు. సరళ విసుగ్గా చెప్పింది. వాళ్ళు మొదట కాపురమున్నది శాన్ హోసేలో. పక్కింటి జపాను ఆవిడ తొమికో గారు. శనివారం సాయంత్రం ఒక చానల్లో జపాను వాళ్ళ కోసం కత్తియుద్ధాల సీరియల్ వచ్చేది, కింద ఇంగ్లీషు అక్షరాలతో. పిన్నికి ఇంగ్లీషు రాదు, జపానీసు రాదు. తొమికో గారికి ఇంగ్లీషు అంతంతమాత్రం, తెలుగు సున్నా. ఆ ఇద్దరూ పక్కపక్కన కూచుని మూడేళ్ళు ఒక్క వారం కూడా వదలకుండా చూశారు. సరిగ్గా చివరి వారాలకి ముందు మా మరిదికి అరోరాలో ఉద్యోగం వచ్చింది. సామాను సర్దేశారు.

"అయితే ఆ చివరి భాగమేదో ఇక్కడే ఎక్కడైనా సంపాదించి చూపించలేకపోయావా?" అన్నాను.

"అమ్మ చూడదక్కా. నువ్వు లేకుండా నేను చూడను, నేను లేకుండా నువ్వు చూడకు అని ఇద్దరూ ప్రామిస్ చేసుకున్నారట. ఆ ప్రామిస్ ఏ భాషలో చేసుకున్నారో నన్నడక్కు."

బయల్దేరే రోజున లతని వాళ్ళ నాన్నకి అప్పజెప్పి పిన్నీ, సరళా, నేనూ ముహూర్తం చూసుకుని గడప దాటాం. పిన్ని కారు దాకా వెళ్ళిందో లేదో, సరళ కూతురు లత, ఏడేళ్ళది, గుమ్మంలోంచి అరిచింది. "అమ్మమ్మ, జార్ మర్చిపోయింది నువ్వు!" ఉసిరికాయ ఊరగాయ సీసా అది, తొమికో గారి కోసం పెట్టింది. వెనక నుంచి పిలుపు వినేసరికి పిన్ని కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. లోపలికొచ్చి కుర్చీలో కూచుంది, మంచినీళ్ళు తాగింది, మళ్ళీ కొత్తగా బయల్దేరింది. ఈసారి తల కాస్త కూడా వెనక్కి తిప్పలేదు. బయల్దేరిన మనిషి వెనక్కి తిరక్కూడదన్నది ఆవిడ చిన్నప్పట్నించీ పట్టుకున్న నియమం, అమెరికా వచ్చినా వదల్లేదు. లత నాతో "బై ఆంటీ" అంది. పెద్దమ్మ అనవే అంటే "ఓకే ఆంటీ" అంది. ఆ పిల్లతో నేను నెల రోజులు పోరాడి ఓడిపోయాను.

నెబ్రాస్కా దారిలో

రైలు గంటన్నర ఆలస్యంగా వచ్చింది. నాకు ప్రాణం లేచొచ్చింది, మనవాళ్ళే అనిపించి. ఎక్కాక మాత్రం అన్నీ తేడాలే. సీట్లు పెళ్ళివారి కుర్చీల్లాగ వెడల్పు. టీ అమ్మేవాడు లేడు, పల్లీలు అమ్మేవాడు లేడు, పాట పాడే బిచ్చగాడు లేడు. రైలెక్కి ఇంత నిశ్శబ్దంగా కూచోవడం నాకు తెలిసి ఇదే మొదలు. కాఫీ ఒక్కటే దొరికింది, డెబ్భై అయిదు సెంట్లు. కాఫీ గింజని నీళ్ళకి దూరం నుంచి చూపించి పోసినట్టుంది.

పులిహోర పొట్లం విప్పేసరికి ముందు సీట్లో పెద్దమనిషి వెనక్కి తిరిగి చూశాడు. వాసన బాగుందన్నాడు. ఒక ముద్ద పెట్టాం. కళ్ళ నీళ్ళు పెట్టుకుంటూనే ఇంకో ముద్ద అడిగాడు.

తిన్నాక పిన్ని కథ మొదలుపెట్టింది. మన పల్నాటి వీరుల్లాగ జపానులో ప్రభువుల కొలువులో కత్తి పట్టే యోధులుండేవారు, సామురాయ్‌లంటారు. అలాంటి ఒకాయన ప్రభువు ఆజ్ఞ మీద తన స్నేహితుణ్ణే చంపాడు. చంపాక ఆ కొలువులో ఉండలేకపోయాడు. తల్లిలేని మూడేళ్ళ కూతుర్ని ఏటి ఎగువన ఒక రైతు ఇంట్లో వదిలేసి, కత్తిని పడవ అడుగు చెక్కకి కట్టేసి, రేవులో పడవ నడుపుకుంటూ బతుకుతున్నాడు. వారానికొక మనిషి ఆ పడవెక్కుతారు, వాళ్ళకొక కష్టం. తప్పనిసరైతే నీళ్ళలోంచి కత్తి బయటికొస్తుంది. కూతురు ఏనాటికైనా ఆ రేవుకి వస్తుందా, వస్తే ఆయన్ని గుర్తుపడుతుందా? మూడేళ్ళు పిన్ని కాచుకున్నది దీనికోసం.

జపానులో ఈ కథ మొదట బొమ్మల పుస్తకాలుగా వచ్చిందట, ఆ తర్వాతే టీవీకి తీశారు. తొమికో గారింట్లో ఆ పుస్తకాలు వరసగా ఉండేవి. ఒకరోజు పిన్ని ఆఖరి పుస్తకం తీసి మనం తెరిచినట్టే తెరవబోయింది. జపాను పుస్తకాలు అటునుంచి మొదలవుతాయి. మన మొదటి పేజీ వాళ్ళకి చివరి పేజీ. తొమికో గారు ఒక్క ఉదుటున వచ్చి పేజీ మీద చెయ్యి అడ్డం పెట్టేసి, పుస్తకం లాక్కుని, నీలం గుడ్డలో మూటకట్టి బీరువా మీద పెట్టేసిందట. ఊరు వదిలే రోజున పిన్ని ఆ మూటని చూపించి, టీవీని చూపించి, వద్దన్నట్టు చెయ్యి ఊపి, తమ ఇద్దరినీ చూపించింది. తొమికో గారు తల వంచింది. అదీ ప్రమాణం.

"ఆవిడ దేనికైనా తల వంచుతుందక్కా. పోస్ట్‌మాన్‌కి కూడా వంచుతుంది" అంది సరళ నా చెవిలో.

ఇక్కడి రైళ్ళలో భోజనాల పెట్టెలో ఒక ఆచారముంది. ఎవరి బల్ల వాళ్ళకి కాదు, ముక్కూమొహం తెలియని వాళ్ళని ఎదురెదురుగా కూచోబెడతారు. మన బంతి భోజనాల లాగ. మా ఎదురుగా నెబ్రాస్కా రైతు దంపతులు. ఆవిడ పేరు బెట్టీ, బుగ్గలు ఎర్రగా, మాట పెద్దగా ఉంటుంది. ఎక్కడికని అడిగారు. సరళ సిగ్గుపడుతూనే అసలు సంగతి చెప్పేసింది. రైతు పడీపడీ నవ్వి, టీవీ మా ఇంట్లోనూ ఉందమ్మా, దిగిపోండి అన్నాడు. బెట్టీ నవ్వలేదు. తన రెండో కానుపప్పుడు మధ్యాహ్నం సీరియల్లో పెళ్ళి ఘట్టం తప్పిపోయిందట. నువ్వొచ్చేదాకా నేనూ చూడనని ఒట్టేసిన పక్కింటామె, ఆస్పత్రికి పూలు పట్టుకొచ్చి, పూలు బల్ల మీద పెట్టకముందే కథంతా చెప్పేసిందట. బెట్టీ బల్ల మీదుగా పిన్ని చెయ్యి పట్టుకుని, ఎవరూ ఆగరు తల్లీ, మనసు కష్టపెట్టుకోకు అంది.

ఏమందే అని పిన్ని అడిగింది. ఈ ఏడు పంటలు బాగున్నాయంటోందని సరళ చెప్పింది.

"పంటల సంగతి చెప్పడానికి నా చెయ్యి పట్టుకోవాలా?" అంది పిన్ని, పాలకూర ఆకులు పక్కకి నెడుతూ.

కొండల్లో

మర్నాడంతా కొండలు. కొండల అందం నేను వర్ణించలేను, వర్ణించినవాళ్ళవి చదివితే, చూడకపోయినా బాధపడక్కర్లేదు. రాయి ఎర్రగా ఉంది, నది పక్కనే వచ్చింది, సొరంగంలో చీకటైనప్పుడల్లా పిన్ని నా చెయ్యి పట్టుకుంది. అంతే.

చెప్పాల్సింది నా నిర్వాకం. సాయంత్రం ఒక స్టేషన్లో రైలు కాసేపు ఆగింది. ప్లాట్‌ఫారం చివర ఒకామె బుట్టల్లో పళ్ళు పెట్టుకుని అమ్ముతోంది. పీచ్ పళ్ళు, మన చిన్నరసాలంత, బుగ్గ మీద నూగుతో. ఒక సంచీ డాలరున్నర. ఇంకేం, దిగాను. డాలరుకి ఇమ్మన్నాను. ఆవిడ అర్థం కానట్టు చూసి మళ్ళీ డాలరున్నర అంది. సరేలెమ్మని డాలరుంపావు అన్నాను. బేరమంటే ఏమిటో ఆవిడకి తెలియనే తెలియదు, పాపం. నేర్పిద్దామని నేను నిలబడ్డాను. మన రైలైతే కూత వేస్తుంది, జెండా ఊపుతుంది, కదిలాక కూడా నాలుగు అడుగులు పరిగెత్తి ఎక్కొచ్చు. ఇక్కడ అలా కాదు. పెట్టె ముందు ఒక పసుప్పచ్చ పీట వేస్తారు, కండక్టరు దాన్ని ఎత్తి లోపల పెట్టుకున్నాడంటే అయిపోయినట్టే. నేను తిరిగి చూసేసరికి పీట లేదు. చీర కుచ్చెళ్ళు చేత్తో పట్టుకుని, నా యాభయ్యో ఏట, నేను పరిగెత్తిన పరుగు మా పదో తరగతి పిల్లలు చూడలేదు కాబట్టి సరిపోయింది. కండక్టరు మళ్ళీ పీట దింపి, చెయ్యిచ్చి పైకి లాగాడు. కోప్పడ్డాడు కూడా, అదీ మర్యాదగా, మేడమ్ అంటూ. డాలరున్నరే ఇచ్చాను చివరికి.

రైలు కదిలిపోతుంటే దూకి ఎక్కానని నేను పక్క సీటువాళ్ళకి చెబుతుంటే పిన్ని అడ్డుపడింది. "కదల్లేదు. ఆగే ఉంది. నేను కిటికీలోంచి చూస్తున్నాగా."

"కాస్త కదిలిందిలే పిన్నీ, కథకి ఆ మాత్రం ఉండాలి."

"చూసింది చూసినట్టు చెప్పాలి. కథకి అబద్ధం అంటిందా, ఆ పాపం విన్నవాళ్ళకి కాదు, చెప్పినవాళ్ళకి" అంది. నా గాలి తీసేసి పీచ్ పండు కొరుక్కుంది.

ఆవిడ తీరే అంత. పురాణం చెప్పినా అంతే, విన్నది విన్నట్టు, ఒక్క ముక్క ఎక్కువ తక్కువ ఉండదు. లత ఎప్పుడైనా, పడవాయన కూతురు చివరికి వచ్చేసి నాన్నని హగ్ చేసుకుంటుంది కదా అమ్మమ్మా అంటే, చూడలేదే, చూడనిది చెప్పకూడదు అనేదట.

నెవాడా ఇసుక మీదుగా పొద్దు పొడుస్తున్నప్పుడు పిన్ని కునుకు తీస్తోంది. సరళ నన్ను రెండు పెట్టెలవతల అద్దాల గదిలోకి తీసుకెళ్ళింది.

"ఫోన్ చేసినప్పుడు తొమికో గారి అబ్బాయి కెన్ మాట్లాడాడక్కా. మదర్ ఈజ్ ఫైన్, ప్లీజ్ కమ్ అన్నాడు. సీరియల్ గురించి అడగడానికి నాకు మొహం చెల్లలేదు. ఐదేళ్ళయింది. టీవీలో అప్పట్లోనే వచ్చేసి ఉంటుంది అది, చూడకుండా ఎవరుంటారు? నేనైతే ఉండను. అమ్మ ఈ ఐదేళ్ళూ నమ్ముకుని కూచుంది. అక్కడ ఆవిడ, ఓ అదా, ఎప్పుడో చూసేశాను అంటే ఏమైపోతుంది? నువ్వు చెప్పక్కా. ముందే చెప్పి అడగొద్దను."

చెప్పాను. స్కూల్లో ఎందరికో నచ్చజెప్పిన దాన్ని, ఎంతో నెమ్మదిగా చెప్పాను. పిన్ని అంతా విని, పళ్ళు తోముకోడానికి బ్రష్ తీసుకుంటూ, "చూసేస్తే చూసేసింది. తను చూసేసిందో లేదో తెలుసుకోడానికేగా వెళ్తున్నాం" అంది. కానీ ఆ పూట ఊరగాయన్నం సగంలో వదిలేసింది. అన్నం వదలడం ఆవిడ జన్మలో లేదు.

శాన్ హోసే

స్టేషన్‌కి కెన్ వచ్చాడు. నలభై ఏళ్ళవాడు, పొట్టిగా, మాట తక్కువ. పిన్నిని చూడగానే నడుం దాకా వంగాడు. మా సామాను మమ్మల్ని ముట్టుకోనివ్వలేదు. దారి పొడవునా సరళ ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉంది. అడగాల్సింది మాత్రం అడగలేదు.

ఇల్లు చిన్నది. ముందు గడ్డి కత్తిరించి, ఇటుకలు పేర్చిన సన్నటి దారి, గుమ్మం పక్కన ఒక పైన్ చెట్టు. ఆ చెట్టుని వంచి వంచి పెంచారు. తలుపు దగ్గరే మా చెప్పులు విప్పాం. అమెరికాలో చెప్పులు విప్పమన్న ఇల్లు అది, నాకు వెంటనే నచ్చింది.

తొమికో గారు లోపల ముందు గదిలో నిలబడి ఉంది. చిన్న మనిషి, పండు తల, బూడిదరంగు స్వెట్టరు. పిన్ని నవ్వుతూ ఎదురుగా వెళ్ళి నిలబడింది. ఆవిడ నవ్వలేదు. పిన్ని తల మీదుగా ఎటో చూస్తోంది. మర్చిపోయింది కాబోలు అనుకున్నాను. అంతలో పిన్ని చెయ్యి చాపింది, గాజులు గలగలమన్నాయి. ఆ చప్పుడుకి తొమికో గారి మొహం అటు తిరిగింది. రెండు చేతులూ ముందుకు చాచి, గాలిలో వెతుక్కుని, పిన్ని గాజుల చెయ్యి పట్టుకుంది. మణికట్టు నుంచి మోచేతి దాకా తడిమింది. "రతనమ్" అంది.

ఆవిడకి చూపు పోయింది. రెండేళ్ళయిందట. సరళ కెన్ వంక చూసింది, ఫోన్లో చెప్పలేదేం అన్నట్టు. మదర్ బాగానే ఉంది కదా అన్నాడు కెన్, నిజంగానే అర్థం కాక.

పిన్ని ఏడ్చింది. నేనూ ఏడ్చాను, దాచడమెందుకు.

అన్నాలు పెట్టారు. తెల్లటి మెత్తటి అన్నం, గడ్డకట్టిన సోయా పాలు, ముల్లంగి ఊరగాయ. చేప లేకుండా కెన్ స్వయంగా వండాడు, తల్లి చెప్పిందని. పులుపు మా నిమ్మకాయని మించిన ఎర్రటి పండు ఊరగాయ ఒకటి పెట్టారు. ఉసిరికాయ సీసా మూత తియ్యగానే తొమికో గారు వాసన పట్టి నవ్వింది. ఎవరూ సీరియల్ మాట ఎత్తలేదు. బీరువా నా వెనకాల ఉంది. నేను మెడ తిప్పలేదు, సరళా తిప్పలేదు. పిన్నే తిప్పింది. తిప్పి, తింటున్న ముద్ద చేతిలోనే పెట్టుకుని అలా ఉండిపోయింది.

నీలం మూట అక్కడే ఉంది.

అప్పుడు కెన్ చెప్పాడు, సరళ తెలుగులో చెప్పింది. చివరి భాగం వచ్చిన రోజున తొమికో గారు టీవీ కట్టేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది. కెన్ పక్క గదిలో దాన్ని టేప్ చేశాడు. ఆ టేపునీ ఆవిడ అదే మూటలో కట్టించింది. మూడేళ్ళ కింద కళ్ళు మసకబారడం మొదలైంది. చూపు ఇక ఎక్కువ కాలం ఉండదన్నాడు డాక్టరు. కెన్ టేపు తీసి, అమ్మా ఇప్పుడు చూసెయ్, తర్వాత కుదరదు అని బతిమాలాడు.

"ఏమందీ?" అంది పిన్ని.

కెన్ చేతుల్లోకి చూసుకుంటూ చెప్పాడు. సరళ తెలుగులోకి తిప్పింది. "రత్నం రానీ అందిట అమ్మా."

పిన్ని ముద్ద పళ్ళెంలో పెట్టేసి చెయ్యి కడుక్కుంది.

టేపు పెట్టారు. ఇద్దరూ సోఫాలో కూచున్నారు, వెనకటి చోట్లలోనే. బొమ్మ రాగానే కెన్ తల్లి చెవిలో చెప్పబోయాడు. ఆవిడ చెయ్యెత్తి ఆపేసింది, స్వెట్టరు పైకి మడిచి తన చెయ్యి పిన్ని ఒళ్ళో పెట్టింది. నాకు అర్థం కాలేదు. సరళ చెప్పింది, వెనకటి రోజుల్లో తొమికో గారు పిన్నికి కథ చెప్పిన పద్ధతి అదేనట. చెయ్యే ఏరు. మణికట్టు ఈ ఒడ్డు, మోచెయ్యి ఆ ఒడ్డు. రెండు వేళ్ళు నడిస్తే మనిషి. అరచెయ్యి జారిస్తే పడవ. కణుపులతో కొడితే కత్తి. గోటితో గీస్తే కన్నీరు. అప్పుడు తొమికో గారు పిన్నికి మాటల అర్థం చెప్పేది. ఇప్పుడు మాటలు ఆవిడకి వినిపిస్తున్నాయి, కావాల్సింది బొమ్మ. పిన్ని చీర చెంగుతో వేళ్ళు తుడుచుకుని మొదలుపెట్టింది.

నేను ఇంగ్లీషు అక్షరాలు చదువుకుంటూ చూశాను. పదహారేళ్ళ పిల్ల పడవెక్కుతుంది. అవతలి ఒడ్డున ఆ పిల్లకి పెళ్ళి. పడవాయన ఆ పిల్ల మెడ మీద పుట్టుమచ్చ చూస్తాడు, తన కూతురని తెలుసుకుంటాడు. ఏటి మధ్యలో దొంగలు, చివరిసారి కత్తి. పిన్ని కణుపులు టకటకలాడాయి, తొమికో గారు ఊపిరి బిగబట్టింది. ఆ పిల్ల, నీ పేరేమిటని అడుగుతుంది. పడవవాడికి పేరేమిటమ్మా అంటాడు. అవతలి ఒడ్డు వస్తుంది. అక్కణ్ణించి మాటల్లేవు.

ఆ పిల్ల దిగింది. కర్ర చెప్పులతో రాతి మెట్లెక్కుతోంది. పడవాయన గెడ పట్టుకుని నిలబడి చూస్తున్నాడు. పిన్ని రెండు వేళ్ళూ తొమికో గారి మోచెయ్యి దాటి భుజం వైపు నడుస్తున్నాయి. తెర మీద ఆ పిల్ల ఎక్కుతూనే ఉంది. తిరగలేదు. గట్టెక్కింది, తిరగలేదు. చెట్ల వెనక్కి వెళ్ళిపోయింది. పడవాయన ఒక్కడే ఉన్నాడు.

పిన్ని వేళ్ళు భుజానికి ఇంకా జానెడు దూరంలో ఆగాయి. వెనక్కి తిరిగాయి. మెల్లిగా వంగి దణ్ణం పెట్టాయి. మళ్ళీ తిరిగి, అప్పుడు వెళ్ళిపోయాయి.

తొమికో గారు తల కొంచెం పక్కకి వంచి, వింటున్నట్టే ఉండిపోయింది. తర్వాత పిన్ని చేతి మీద చెయ్యి వేసి "గుడ్" అంది. "గుడ్, రతనమ్."

కాసేపటికి పెరట్లో నేనూ పిన్నీ కూచున్నాం. అడక్కుండా ఉండలేకపోయాను. ఆ పిల్ల తిరగలేదు కదా పిన్నీ అన్నాను.

"నాకు కళ్ళు లేవటే?" అంది. "నా కోసం కళ్ళున్నన్నాళ్ళూ చూడకుండా కూచుంది. పాపమంటే పాపమే, నేను పడతాను."

అక్కడితో ఊరుకోవాల్సింది. టీచరు నోరు కదా, ఊరుకోదు. "ఆవిడకి చెవులున్నాయి పిన్నీ. కర్ర చెప్పుల చప్పుడు మొదట్నించీ చివరిదాకా ఎక్కడా ఆగలేదు."

పిన్ని నా వంక చూసింది. ఆ సంగతి ఆవిడకి తట్టలేదు. మొహం చిన్నబోయింది. లేచి లోపలికి వెళ్ళిపోయింది. నా నాలిక నేనే కొరుక్కున్నాను.

తిరుగు ప్రయాణం

మర్నాడు పొద్దున్న కెన్ సామాను కారులో పెట్టాడు. అతిథులు కనుమరుగయ్యేదాకా ఇంటివాళ్ళు గుమ్మంలో నిలబడడం వాళ్ళ మర్యాదట. తొమికో గారైతే వాళ్ళ చప్పుడు వినబడకుండా పోయేదాకా నిలబడుతుందని కెన్ అన్నాడు. ఆవిడ తలుపు పట్టుకుని నిలబడింది. పిన్ని హవాయి చెప్పులు తొడుక్కుంది, ఆవిడ చెయ్యి రెండు చేతులతో పట్టుకుని వదిలింది, ఇటుకల దారిన కారు వైపు నడవడం మొదలుపెట్టింది. చెప్పులు టపటపమంటున్నాయి. నేనూ సరళా ముందే ఎక్కి కూచున్నాం.

దారి మధ్యలో ఆ చప్పుడు ఆగిపోయింది.

ఏమైనా మర్చిపోయావా అమ్మా అని సరళ అడగబోతే నేను మోచేత్తో పొడిచాను. వెనక నుంచి పిలుపు వినగానే కాళ్ళు ఆగిపోయే మనిషి, బయల్దేరాక తల తిప్పని మనిషి, ఎవరూ పిలవకుండానే తిరిగింది. ఇంటి వైపు తిరిగి నిలబడింది. కళ్ళులేని మనిషికి వినపడాలని కాబోలు, చెప్పులు నేలకేసి కొడుతూ నాలుగడుగులు వెనక్కి నడిచింది. మళ్ళీ ఆగింది. వంగింది.

గుమ్మంలో తొమికో గారు చెయ్యి పైకెత్తింది. రెండు వేళ్ళు గాలిలో నడిచి, ఆగి, వెనక్కి తిరిగాయి.

పిన్ని వచ్చి కారెక్కి తలుపు వేసుకుంది. మంచినీళ్ళేమైనా తాగుతావా పిన్నీ, మళ్ళీ కొత్తగా బయల్దేరదాం అన్నాను.

"అక్కర్లేదు, పోనీమను" అంది.